గుమ్మం మీది మూడక్షరాలు

మేస్త్రి పోయాడని పోయిన మంగళవారం ఆయన కూతురు వచ్చి చెప్పింది. లోపలికి రమ్మన్నాను, రాలేదు. వీధిలోనే నిలబడి, కొంగు నడుముకు చెక్కుకుని, "నాయిన పోయిండు. నిన్న మట్టిచ్చినం. నీకు చెప్పమని ఆయన ఏం అన్లేదు. దోవల పోతున్న గద అని నేనే చెప్తున్న" అంది.

ఏమైందని అడిగాను.

"దగ్గు. రాళ్ళు కొట్టేటోళ్ళకు ఏమైతది? అదే అయ్యింది."

ఇంకేమైనా అంటానేమోనని ఒక్క క్షణం చూసి, ఉప్పల్ వైపు నడిచి వెళ్ళిపోయింది. నాతో ఇంతకంటే ఎక్కువ మాట్లాడాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. నాకది తెలుసు.

ఆయన పేరు కూడా నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఒక పేరు రాసే పని నాకు అప్పగించినప్పుడు నేనేం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఏ ఇంటి ముందు నుంచి నడిచినా ఆయన తలుపు చూసేవాడు కాదు, అరుగు మీద కూర్చున్న మనుషుల్ని చూసేవాడు కాదు. మూల చూసేవాడు. రెండు గోడలు కలిసే చోట ఆగి, కింది నుంచి పైదాకా కళ్ళతోనే ఎక్కి, నచ్చితే నాలుక చప్పరించేవాడు. నచ్చకపోతే ముఖం తిప్పుకుని పోయేవాడు. "మూల సక్కగుంటె ఇల్లు దానంతటదే నిలవడ్తది. మొగని లెక్క" అనేవాడు.

పక్కన కూర్చుని, చెక్కితే రాలిన చిప్పరాళ్ళు ఏరుతున్న ఆయన భార్య ఈదమ్మ తలెత్తకుండానే అనేది: "మొగని లెక్కనా? అట్లైతె ఎప్పుడో కూలేది."

రాయిని పగలగొట్టే ముందు సుత్తి కొనతో మెల్లగా తట్టి, తల వంచి వినేవాడు. ఖంగుమంటే "పలుకుతున్నది" అని పక్కన పెట్టేవాడు. లేకపోతే "మూగది" అని ఈదమ్మ వైపు దొర్లించేవాడు. బీడీ ఒకటి ఎప్పుడూ చెవి మీద ఉండేది. పని ఉన్నంతసేపు వెలిగించేవాడు కాదు. చెక్కిన రాయి మీద ఎవరైనా కూర్చుంటే లేపేవాడు. ఒకసారి మా చర్చి సంఘం పెద్దే వచ్చి కూర్చున్నాడు. "జర లెవ్వుండి సారు, అది గోడకు పొయ్యే రాయి" అన్నాడు మేస్త్రి. పెద్దాయన లేచాడు కానీ, ఆ లేవడం మరిచిపోలేదు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం మాది. నాన్న ఉపదేశి. చుట్టుపక్కల పల్లెలు తిరిగి వాక్యం చెప్పేవాడు. ఉప్పల్‌కూ నాచారానికీ మధ్య మిషన్ వాళ్ళకు కొంత స్థలం ఉండేది. అందులో మాకు రెండు గదులిచ్చారు. మెట్రిక్ దాకా చదివాను, ఇంగ్లీషు తెలుసు అని నన్ను అక్కడే గుమాస్తాగా పెట్టుకున్నారు. స్థలం పేరుకే. అంతా బండలు. వాటి మీదికెక్కి చూస్తే అటు మౌలాలి గుట్ట, ఇటు రైలుపట్టాలు కనిపించేవి.

అక్కడ ఒక దవాఖానా ఇల్లు కట్టించడానికి అమెరికా నుంచి ముసలి దొర ఒకాయన వచ్చాడు. ఇటుకల లారీ దింపించాడు. ఆ రోజే మేస్త్రి పనేమైనా ఉందేమో అడగడానికి వచ్చాడు. ఇటుకల కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, నా దగ్గరికొచ్చి, "దొరకు చెప్పు బిడ్డా. బండల మీద కూసోని ఇటుకలు కొన్నడంటె, చెర్ల కూసోని నీళ్ళు కొన్నట్టే" అన్నాడు.

భయపడుతూనే చెప్పాను. దొర కాసేపు ఆయన్నే చూశాడు. తర్వాత గదిలోకి పోయి తోలు అట్ట ఉన్న ఒక ఆల్బమ్ పట్టుకొచ్చాడు.

అందులో రాతి ఇళ్ళ ఫొటోలు ఉన్నాయి. దొర తాతల తాతలు రెండు వందల ఏళ్ళ కింద జర్మనీ నుంచి ఓడెక్కి అమెరికా చేరినవాళ్ళు. వాళ్ళూ, వాళ్ళ ఊరివాళ్ళూ మొదట కట్టుకున్న ఇళ్ళవి. రెండడుగుల మందం గోడలు, చిన్న కిటికీలు, మంచు జారిపోయేలా ఏటవాలు కప్పులు. జర్మనీ ఎక్కడో అమెరికా ఎక్కడో మేస్త్రికి తెలియదు. నాకు తెలిసింది కూడా పటంలోని రంగులే.

"ఎందుకు పోయిన్రంట అంత దూరం?" అని అడిగాడు.

దొర చెప్పింది చెప్పాను. యుద్ధాలు, ఆకలి, సాగు చేసుకోవడానికి భూమి లేకపోవడం. ఓడలో పిల్లలు చనిపోతే సముద్రంలోనే విడిచారట.

మేస్త్రి తల ఊపాడు. ఆయన తల్లిదండ్రులు పాలమూరు నుంచి కరువుకు నడుచుకుంటూ ఇటొచ్చినవాళ్ళు. "కరువుకు పోయినోళ్ళా? అట్లైతె మనోళ్ళే" అన్నాడు.

ఆ మాటకు దొర నవ్వాడు కానీ, తర్వాత మాటకు నవ్వలేదు. మేస్త్రి ఒక ఫొటో మీద గోరు పెట్టి, "గీ ఇల్లు కట్టినోనికి పైసలు సాల్లేదు పాపం" అన్నాడు. ఎట్లా తెలుసన్నాను. "ముందటి గోడ సూడు, అన్నీ చెక్కిన రాళ్ళు. పక్క గోడ సూడు, పొలంల ఏరినయి. దోవల పోయెటోళ్ళు ముందటిదే సూస్తరు గద." దొర కళ్ళద్దాలు తీసి ఫొటోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. అది ఆయన ముత్తాతల ఇల్లే. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా తనకెప్పుడూ తట్టలేదన్నాడు.

కొన్ని ఇళ్ళకు నేల కింద గది ఉండేదట, అందులో నీటి ఊట ఉండేదట. ఆ చల్లదనానికి పాలూ వెన్నా అక్కడ పెట్టుకునేవారట. వెనక నిలబడి వింటున్న ఈదమ్మ, "ఇంట్లనే నీళ్ళా! అసొంటి ఇంట్ల ఆడిది ఎన్నడన్న ముసల్దైతదా?" అంది. ఈ మాట దొరకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

చివరి పేజీలో ఒక గుమ్మం ఉంది. గుమ్మం పైరాయి మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఆ ఇంటి మగాయన పేరు, పక్కనే భార్య పేరు, ఇద్దరూ దేవుని సాయంతో ఈ ఇల్లు కట్టుకున్నారని ఉందని దొర చదివి చెప్పాడు.

"ఆడామె పేరు గూడ పెట్టిన్రా?" అంది ఈదమ్మ.

"అవి ఇంటోళ్ళ పేర్లా, కట్టినోళ్ళ పేర్లా?" అన్నాడు మేస్త్రి.

రెండూ ఒకటేనన్నాడు దొర. రాయి మోసింది వాళ్ళే, ఆ ఇంట్లో ఉన్నదీ వాళ్ళే. మేస్త్రి నా వైపు చూశాడు, నేను సరిగ్గా చెబుతున్నానో లేదోనన్నట్టు. "మోసినోళ్ళే ఉన్నరా ఇంట్ల?" అని మళ్ళీ అడిగించాడు. ఆయనా ఈదమ్మా ఎన్నో ఇళ్ళకు గోడలు లేపారు. వాళ్ళుండేది మాత్రం ఒక బండకు ఆనించి కట్టుకున్న గడ్డి గుడిసెలో.

ఇటుకల లారీ వెనక్కి పోయింది. రాతి ఇల్లు మొదలైంది.

ఏడాదిన్నర సాగింది పని. అంత ఇష్టంగా పని చేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. రోజూ సాయంత్రం దొరా ఆయనా గోడ పక్కన నిలబడి, ఒకరి భాష ఒకరికి తెలియకుండానే గంటసేపు మాట్లాడుకునేవాళ్ళు. నన్ను పిలిచేవాళ్ళే కాదు. ఈదమ్మ చిప్పలు ఏరుతూ నన్ను ఆటపట్టించేది. "ఏమే పిల్లా, కాయితాల మీద గీకుడే నీ పనా? ఒక్క రాయి లేపు, సూస్త." లేపబోయి కాలి మీద పడేసుకున్నాను. నవ్వి నవ్వి ఆమెకు కళ్ళ నీళ్ళొచ్చాయి. పసుపు అరగదీసి కట్టు కట్టింది కూడా తనే.

రెండో ఏడు వానల్లో, గుమ్మం పైకి పెద్ద రాయి కావాలని నాచారం వైపు రాళ్ళు తీసే గుంటలో బండను చీలుస్తున్నారు. నేను గదిలో కూలీల హాజరు రాస్తున్నాను. పెద్ద చప్పుడేమీ వినలేదు. ఉలుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోవడం విన్నాను.

తడిసిన మట్టి జారి, చీల్చిన బండ కిందికి వచ్చింది. కింద ఈదమ్మ చిప్పలు ఏరుతోంది.

రైలుపట్టాల అవతల వాళ్ళవాళ్ళను పూడ్చే చోటే ఈదమ్మను పెట్టారు. మూడో రోజు పొద్దున్నే మేస్త్రి పనిలోకి వచ్చాడు. వచ్చినవాడు నేరుగా గుంటలోకి దిగి ఆ బండను తాడుతో కొలిచాడు. తర్వాత దొర ముందుకొచ్చి నిలబడ్డాడు. నేను మధ్యలో.

"గుమ్మం మీదికి గదే రాయి పెడ్త. వేరేది వద్దు. దాని మీద మా ఈదమ్మ పేరుండాలె. ఆ ఫొటోల ఆడామె పేరున్నట్టు."

నీ పేరు కూడా పెట్టు అన్నాడు దొర.

"నా పేరొద్దు. నేను బతికే ఉన్న గద. ఎవలడిగినా నేనే చెప్త."

దొర ఒప్పుకున్నాడు. నా ఎదుటే మేస్త్రి చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. "దాని పేరుకు ఎన్ని అక్షరాలు బిడ్డా?" అని మేస్త్రి నన్నడిగాడు. మూడు అన్నాను. మూడు వేళ్ళు ముడిచి చూసుకున్నాడు.

గోడలు గుమ్మం ఎత్తుకు వచ్చేసరికి దొర ఆరోగ్యం చెడింది. చలికాలంలో అమెరికాకు తిరిగి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. మిగిలిన పని సంఘం పెద్దల చేతికి వచ్చింది. ముగ్గురు పెద్దలు. మూడోవాడు మా నాన్న.

ఒకరోజు మధ్యాహ్నం నన్ను పిలిచారు. పేరు సంగతి వాళ్ళకు తెలిసింది.

"ఈదమ్మ అంటె ఊరవతలి దేవత పేరు. ప్రభువు పని మీద కట్టిన ఇంట్లకు జనం ఆ పేరు కింది నుంచి పోవాల్నా?" అన్నాడు సంఘం పెద్ద. "రేపు ఒక్కొక్కడు తన పెండ్లాం పేరు పెట్టమంటడు."

"దొర మాటిచ్చిండంట గద" అన్నాడు రెండో ఆయన. "ఇప్పుడు కాదంటె వాడు పని ఇడిసిపెట్టి పోతడు. కప్పు ఎవలేస్తరు?"

"కాదని చెప్పుడెందుకు? వానికి సదువొస్తదా?" అన్నాడు సంఘం పెద్ద.

చెక్కాల్సిన మాటలు రాసిచ్చేది నేనే కనుక ఇద్దరూ నా వైపు చూశారు. నాన్న మాత్రం చేతుల్లోని టోపీ వైపు చూసుకున్నాడు.

ఇంటికొచ్చాక నాన్నతో గొడవపడ్డాను. గొడవంటే, అన్నం ముందు కూర్చుని తినకపోవడం. నాన్న, "మనల్ని ఈ కాంపౌండ్ల నుంచి ఎల్లగొడ్తె యాడికి పోతం బిడ్డా?" అన్నాడు. మళ్ళీ తనే, "ఆమె సచ్చిపోయింది. ఆయనకు సదువు రాదు. ఎవలకు నష్టం చెప్పు?" అన్నాడు. నాన్న చెడ్డవాడు కాదు. జీవితంలో ఎవరినీ గట్టిగా కసురుకున్నవాడు కాదు. ఆయన మెల్లగా చెప్పడం వల్లే ఆ మాట నాకు సబబుగా వినిపించింది.

దొరకు ఒక్క ఉత్తరం రాస్తే సరిపోయేది. చిరునామా నా దగ్గరే ఉంది. స్టాంపులు నా బల్ల సొరుగులోనే ఉన్నాయి.

పెద్ద కాగితం మీద, నల్ల సిరాతో, చెక్కడానికి వీలుగా లావు అక్షరాలు రాశాను.

ప్రభువు కృపచేత
పెద్దల సంఘము
కట్టించిన ఇల్లు

మేస్త్రి ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. తొమ్మిది రోజులు చెక్కాడు. రోజూ పొద్దున్నే చేతులు కడుక్కుని కూర్చునేవాడు. అక్షరం తెలియని మనిషి, నా రాతలో ఎక్కడ సిరా కొంచెం ఎక్కువ పాకిందో ఆ వంపును కూడా వదలకుండా చెక్కాడు. నాలుగో రోజు అనుకుంటాను, నేను అటు పోతుంటే పిలిచాడు.

"ఇన్ని మాటలున్నయి. దాని పేరు ఏది బిడ్డా?"

"మిగతావి దేవుని మాటలు" అన్నాను.

"గవి ఉండనీ. దాని పేరు ఏది?"

మూడక్షరాల మాట చూపించాలి. మూడని నేనే చెప్పాను. "ప్రభువు" కూడా మూడక్షరాలే. దాని మీద వేలు పెట్టి అబద్ధం చెప్పడానికి భయమేసింది. కింది వరుసలోకి వేలు జరిపి "పెద్దల" అనే మాట చూపించాను.

"ఇదేనా?"

"ఇదే."

ఆయన ఆ మాట మీద రాతిపొడిని నోటితో ఊదాడు. ఊది, "సక్కగున్నది" అన్నాడు.

ఇల్లు పూర్తయింది. ప్రార్థన చేశారు, తీపి పంచారు. మేస్త్రి బయట నిలబడి గుమ్మం వైపే చూశాడు. ఇల్లు దవాఖానా అయింది. రోగుల చీటీలు రాయడానికి నన్నే పెట్టారు. నా బల్ల గుమ్మానికి ఎదురుగా ఉండేది. నేను ఎన్నుకున్న చోటు కాదు.

ఆ తర్వాత పదేళ్ళు ఆయన పనికి పోయేటప్పుడో వచ్చేటప్పుడో ఆ గుమ్మం ముందు ఆగేవాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకునేవాడు. పొడుగు మనిషి, చెయ్యెత్తితే రెండో వరుస అందేది. ఆ మూడక్షరాల మీద వేళ్ళు ఆనించి, ఏదో ఒకటి చెప్పేవాడు. పెద్ద మాటలేం కాదు. "పోరికి సంబంధం కుదిరింది." "కీసర జాతరకు పోయొచ్చినం." "మోకాలు గుంజుతున్నది." నా బల్ల దగ్గరికి అన్నీ వినిపించేవి. ఆయన వేళ్ళ జిడ్డుకు ఆ మాట ఒక్కటీ నల్లబడింది. సంఘం పెద్ద ఒకసారి అది గమనించి, "సూసినవా, మనమంటె వానికి ఎంత గౌరవమో" అన్నాడు నాతో. నేను చీటీ రాసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

ఆ పదేళ్ళలో నాచారం మారిపోయింది. బండలు పేల్చేశారు, షెడ్లు లేచాయి, పొగగొట్టాలు లేచాయి. రైలుపట్టాల అవతల ఈదమ్మను పెట్టిన చోటు ఒక ఫ్యాక్టరీ గోడ లోపలికి పోయింది. మేస్త్రి వెళ్ళి గేటు దగ్గర అడిగితే కాపలావాడు పొమ్మన్నాడట. ఆ సాయంత్రం వచ్చి రాతి మీద చెయ్యి పెట్టి, "పోనీలే. నువ్వు ఈడ ఉన్నవు గద" అన్నాడు. ఆ రోజు లేచి నిజం చెప్పేయాలనుకున్నాను. కుర్చీ వెనక్కి జరిపాను కూడా. మళ్ళీ ముందుకు జరుపుకున్నాను.

రాతిపని తగ్గిపోయింది. అందరూ సిమెంటు, ఇటుక. మేస్త్రి నారపల్లి వైపు రోడ్డు కంకర కొట్టే పనికి పోయేవాడు. దగ్గు మొదలైంది. చేతులు వణికేవి. అలాంటి రోజుల్లో దవాఖానా వరండాలో పెద్దవాళ్ళకు చదువు చెప్పే బడి పెట్టారు. సాయంత్రం అయిదింటికి. పంతులమ్మ చిన్నపిల్ల, మౌలాలి రైల్వే క్వార్టర్ల నుంచి సైకిల్ మీద వచ్చేది. మొదటి వారమే మేస్త్రి పలక కొనుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"ఈ వయసుల ఎందుకు మేస్త్రీ?" అన్నాను.

"గుమ్మం మీదిది మొత్తం సదువుకోవాలె బిడ్డా. దాని పేరు పక్కన దేవుడు ఏమన్నడో తెల్వది గద."

అ, ఆ, ఇ, ఈ. రోజుకు రెండక్షరాలు. నేను గదిలో చీటీలు సర్దుతూ, ఎన్ని అక్షరాలయ్యాయో లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని. కానీ ఆయన అన్ని అక్షరాలూ వచ్చేదాకా ఆగలేదు. ఒక సాయంత్రం పంతులమ్మను అడిగాడు: "మా ఇంటామె పేరు రాయి తల్లీ. ఈదమ్మ. నేను దిద్దుకుంట."

ఆ పిల్ల పలక మీద రాసిచ్చింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

మేస్త్రి చూసి నవ్వాడు. "ఇది కాదు."

"ఇదే తాతా. ఈ, ద, మ్మ."

"నాకు తెల్వదా? తొమ్మిది రోజులు చెక్కిన. రోజు ముట్టుకుంట." పలక తీసుకుని చెరిపి, ఆయన రాయడం మొదలుపెట్టాడు. చెయ్యి వణుకుతోంది కానీ, వేళ్ళకు ఆ వంపులు తెలుసు. సిరా పాకిన చోటుతో సహా రాశాడు. "గిట్లుంటది. నడిమిట్ల దానికి కింద ఇంకోటి ఏలాడ్తది."

పంతులమ్మ పలక తిప్పి చూసింది. "ఇది 'పెద్దల' అని ఉంది తాతా. పె, ద్ద, ల. పైన గుమ్మం మీద ఉంది చూడు, అదే. పెద్దల సంఘము" అంది. ఆ పిల్లకేం తెలుసు. తన శిష్యుడు చదవడం రాకముందే ఇంత బాగా రాశాడని సంతోషపడింది.

మేస్త్రి గుమ్మం వైపు చూశాడు. తర్వాత పలక వైపు. నా వైపు చూడలేదు. పలక సంచీలో పెట్టుకుని, తలగుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ గుమ్మం ముందు ఆగకుండా పోవడం పదేళ్ళలో అదే మొదటిసారి.

మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. రోగులెవరూ లేరు. బల్లకు అవతల నిలబడ్డాడు. కూర్చోమన్నాను, వినలేదు.

"పెద్దలు రాయమన్నారు మేస్త్రీ" అన్నాను. "నేను చిన్నదాన్ని. ఉద్యోగం పోతుందని, నాన్న..."

"రాసుడు పెద్దలు రాయించిన్రు. సరె. నువ్వు సిన్నపిల్లవు, భయపడ్డవు. గది గూడ సరె." ఆగి దగ్గాడు. "గని నేను 'దాని పేరు ఏది బిడ్డా' అని అడిగినప్పుడు నువ్వు సూపిచ్చిన వేలు. అది ఎవలది?"

చెయ్యి బల్ల కిందికి తీసుకున్నాను.

"వాళ్ళ ముంగట సెప్పులు ఇడిసి నిలవడ్డది మా ఈదమ్మ. వాళ్ళ కుండ ఎన్నడు ముట్టనియ్యలే దాన్ని. నేను పదేండ్లు వాళ్ళ పేరు ముట్టుకుంట నా పోరి పెండ్లి ముచ్చట చెప్పిన."

ఏడ్చాను. ఏడుస్తూ, పెద్దలతో మాట్లాడతానని, ఆ రాయి మీద ఇంకో వరుస చెక్కిస్తానని అన్నాను. ఆయన రెండు చేతులూ నా బల్ల మీద పెట్టాడు. పెట్టినా వణుకు ఆగలేదు.

"ఎవలు చెక్కుతరు? నేను చెక్కినప్పుడు చెయ్యి మంచిగుండె. ఇప్పుడు ఉలి ఆగదు. ఇంకొకడు కూలికి చెక్కుతె నాకెందుకు?"

అయినా పెద్దల దగ్గరికి పోయాను. పాత పెద్దల్లో ఒక్కడే మిగిలాడు. నాన్న కూడా పోయి రెండేళ్ళయింది. కొత్తవాళ్ళు ఓపిగ్గానే విన్నారు. రాతి గోడలు ఎలాగూ పాతగా కనిపిస్తున్నాయని, సిమెంటు పూత పూయించి రంగు వేయిస్తామని, అప్పుడు ఏ పేరూ కనపడదు కనుక ఎవరికీ బాధ ఉండదని అన్నారు. ఆ ఎండాకాలమే పూయించారు. లేతనీలం రంగు. గుమ్మం మీద రేకు బోర్డు పెట్టారు. రెండడుగుల మందం గోడలు లోపల ఉన్నాయని ఇప్పుడు వచ్చేవాళ్ళకు తెలియదు. వేసవిలో ఈ ఇల్లు ఎందుకింత చల్లగా ఉంటుందని అడుగుతారు.

మేస్త్రి బడి మానలేదు. పూత పూస్తున్న రోజుల్లో కూడా, పరంజా కర్రల మధ్య నుంచి వంగి వచ్చి వరండాలో కూర్చునేవాడు. నేను ఎదురుపడితే పలకరించేవాడు. "మంచిగున్నరా అమ్మగారూ?" అనేవాడు. బిడ్డా అనడం మానేశాడు. నన్ను మీరు అన్నప్పుడల్లా తల తిప్పుకునేదాన్ని. అన్ని సాయంత్రాలూ అలాగే అన్నాడు, ఎగతాళిగా కాదు, దవాఖానా గుమాస్తాతో ఎవరైనా మాట్లాడే మర్యాదతో.

వానలు మొదలయ్యాక ఒక శనివారం పంతులమ్మ రావడం ఆలస్యమైంది. సైకిల్ పంక్చరై, రోడ్డు అవతల దుకాణం దగ్గర ఆగి ఉండడం వరండాలోకి కనిపిస్తోంది. వరండాలో మేస్త్రి ఒక్కడే కూర్చుని పలక మీద ఏదో రాస్తున్నాడు. చాలాసేపు రాశాడు. చెరిపాడు, మళ్ళీ రాశాడు. నేను తలుపు దాకా వచ్చి నిలబడ్డాను. నన్ను చూసి, ఏమనుకున్నాడో, పలక నా వైపు తిప్పాడు.

గీతలు వంకర. మ్మ కింద వత్తు పలక అంచు దాకా జారిపోయింది. కానీ మూడక్షరాలూ ఉన్నాయి. ఈదమ్మ.

"సరిగున్నదా?" అన్నాడు.

"సరిగ్గా ఉంది మేస్త్రీ" అన్నాను. సంతోషమేసింది. నన్ను అడిగాడు కదా అనుకున్నాను. "చాలా సరిగ్గా ఉంది."

ఆయన పలకను తన వైపు తిప్పుకుని కాసేపు చూశాడు. తర్వాత మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచాడు.

"మీరు సరిగున్నదంటె ఎట్ల నమ్మాలె అమ్మగారూ?" అన్నాడు. "పంతులమ్మకు సూపిచ్చొస్త."

మెట్లు దిగాడు. సన్నగా చినుకులు పడుతున్నాయి. పలక తడవకుండా తలగుడ్డ తీసి దాని మీద కప్పి, రెండు చేతులతో పట్టుకుని, రోడ్డు దాటి అవతలికి వెళ్ళాడు.